ఆక్యుపంక్చర్ గది తాళం తీయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సన్నని సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్ చికిత్స గదికి మా ఆసుపత్రిలో తాళం వేశారు. దాని గురించి నేను పెట్టుకున్న అర్జీలన్నింటికీ వచ్చిన జవాబు ఒక్కటే: సంబంధిత విభాగానికి పంపాము. ఆ విభాగం ఏదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మా అమ్మకు నిద్రలేమికి ఈ చికిత్స చేసేవారు. మణికట్టు ముడత మీద చిటికెనవేలి వైపు ఒక సూది, చీలమండకు లోపలి వైపు నాలుగు వేళ్ల పైన ఒకటి, చెవి వెనుక ఒకటి. అరగంట కళ్లు మూసుకుని పడుకునేది. కొన్ని వారాలకు అర్ధరాత్రి లేచి వంటింట్లో గిన్నెలు సర్దడం మానేసింది. అంతలో గదికి తాళం పడింది. ముందు సూదులు రాలేదన్నారు. తర్వాత డాక్టరు గారిని డెప్యుటేషన్ మీద పంపామన్నారు. ఇప్పుడు ఆ గది నిండా పాత ఫైళ్లు. అయినా కింద కౌంటర్లో ఓపీ చీటీ ఇస్తూనే ఉన్నారు. మోకాళ్లు పట్టుకుని మెట్లన్నీ ఎక్కాక గానీ ముసలివాళ్లకు తాళం కనిపించదు. ఇది అన్యాయం కాదా, సార్?

బయట చేయిద్దామని వెళితే ఒక చోట స్పిరిట్ గిన్నెలోంచి సూదులు తీశారు. ఒకరికి వాడి పారేయాల్సినవి అవి! హెపటైటిస్ బి ఎలా సోకుతుందో మీ శాఖకు తెలియనిది కాదు. నమోదు సంఖ్య అడిగితే గోడ మీది ఫ్రేము చూపించారు. పశ్చిమ బెంగాల్ 1996లోనే దీనికి చట్టం చేసుకుంది. కేంద్రం 2019లో స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. మన దగ్గర ఎవరి మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పే మనిషి నాకు దొరకలేదు.

ఇక మిగిలింది మత్తునిచ్చే మాత్ర, అల్ప్రజోలం. అది షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే రిజిస్టరులో రాయాలి. కల్లులో కలిపితే ఎక్సైజ్ వాళ్లు దాడులు చేసే మందు ఇదే. మా వీధి చివర మాత్రం అడిగితే చాలు, ఇచ్చేస్తారు. అది వేసుకున్న రాత్రే అమ్మ స్నానాల గది గడప దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది, నిద్ర మాత్రం లేదు.

ఆక్యుపంక్చర్ సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. నిద్రలేమిపై జరిగిన పరిశోధనల్లో కొన్ని మేలు చూపినా, చాలావరకు చిన్నవి, లోపాలున్నవి. ముందు ఇవ్వాల్సింది ఆలోచనలనూ పడక అలవాట్లనూ సరిదిద్దే సీబీటీ చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. అదైనా ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారో చెప్పండి, రేపే తీసుకెళ్తాను.

దయచేసి ఆ గది తెరిపించండి. సూదులు పంపించండి. డాక్టరు గారిని వెనక్కి పిలిపించండి. చదువుకుని చేసేవారెవరో, చదవకుండా గుచ్చేవారెవరో జనానికి తెలిసేలా ఒక జాబితా పెట్టండి. ఇవన్నీ ఆలస్యమవుతాయంటే, కనీసం ఆ ఓపీ చీటీలు ఇవ్వడం రేపటి నుంచి ఆపించండి.

ఇట్లు,
చిక్కడపల్లి నివాసి, హైదరాబాద్