పేరిత పూయదు మహాప్రభో!

సంపాదకుడికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన పేరిత మొక్క ఫోటో గురించి ఈ ఉత్తరం. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను, వేయలేదు. 'శేషాచలంలో విరిసిన అరుదైన పుష్పం' అని పెద్ద శీర్షిక. దాని కింద, ఇది తింటే మగతనం పెరుగుతుందని 'స్థానికుల నమ్మకం' అంటూ ఉచిత ప్రకటన!

అయ్యా, పేరితకు అసలు పువ్వే ఉండదు. చూడటానికి ఈత మొక్కలా ఉంటుంది కనుక కొండ ఈత అన్నారు గానీ ఈతతో దానికి చుట్టరికం లేదు. అది సైకస్ జాతి, అంటే పువ్వు పూయకుండానే విత్తనం కట్టే మొక్కల కోవ. మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. మీరు పుష్పమన్నది మగమొక్క నడినెత్తిన లేచే శంకువు, అంటే పుప్పొడినిచ్చే కోన్. జానెడు దాటిన పొడవు, పొలుసు మీద పొలుసు పేర్చినట్టు బిగువుగా ఉంటుంది, పండాక తడితే పసుపు పొడి రాలుతుంది. ఆ పుప్పొడి ఆడమొక్కకు చేరితేనే విత్తనం. 'మదనకామాక్షి' అని పేరు పెట్టి అమ్మేది సరిగ్గా ఆ శంకువునే. కోసినవాడికి నాలుగు డబ్బులు, కొండకు ఆ ఏటి విత్తనం సున్నా.

తిరుపతి, కడప కొండల్లోని రాతి వాలుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని మొక్క ఇది. వేసవిలో కొండ కాలితే మోడుబారి, మళ్లీ చిగురిస్తుంది. నిప్పును తట్టుకుంటుంది, కత్తిని ఎలా తట్టుకుంటుంది? వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో మొదటిసారి మొక్కలను చేర్చినప్పుడు ఆ పట్టికలో ఉన్నవి ఆరంటే ఆరు పద్దులు. అందులో ఇదొకటి. అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలోనూ ఉంది. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు కూడా. కాగితాల మీద ఇంత వైభోగం!

ఇక క్షేత్రంలో సంగతి. ఆ మధ్య రోడ్డు పక్కన గోనెపట్టా మీద ఎండిన శంకువులు పరిచి అమ్ముతుంటే చూసి, సంబంధిత కార్యాలయానికి వెళ్లి చెప్పాను. అక్కడి ఉద్యోగి తల ఎత్తకుండానే 'ఎర్రచందనమా?' అని అడిగాడు. కాదన్నాను. అంతటితో ఆయన ఆసక్తి ఆరిపోయింది. దుంగ దొరికితే దాని పక్కన నిలబడి ఫోటో దిగడానికి పదిమంది పోటీ పడతారు, చంకసంచిలో పట్టే శంకువు పోతే అడిగే నాథుడు లేడు. ఘాట్ రోడ్డులో చిరుతపులి బొమ్మ బోర్డులు ఎన్ని లేవు? పేరిత బొమ్మ ఒక్కటి చూపించండి.

వాళ్లను తిట్టి ఏం లాభం? మా రోజుల్లో పిల్లలను కొండకు తీసుకెళ్లి చెట్టు తాకించి పాఠం చెప్పేవాళ్లం. ఇప్పుడు వృక్షశాస్త్రమంటే ర్యాంకుకు పనికొచ్చే నాలుగు ప్రశ్నలు. ఆ చదువు చదివినవారే విలేకరులూ అవుతారు, అధికారులూ అవుతారు.

సవరణ వేయండి. అదే పేజీలో, అదే సైజులో, ఈసారి మగతనం ఊసు లేకుండా.

— విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు, తిరుపతి