రేకుల షెడ్డులో వడదెబ్బ

సంపాదకునికి,

విజయవాడ ఆటోనగర్ రేకుల షెడ్లలో మెకానిక్‌కు పైన రేకుల సెగ, పక్కన అప్పుడే ఆగిన లారీ ఇంజన్ సెగ. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను కొట్టేది వేడిగాలే; ఒంటిమీద తడిగుడ్డ ఉంటేనే దానితో లాభం. దాహం వేసేదాకా ఆగకుండా 20 నిమిషాలకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లకు బదులు టీతో సరిపెట్టకూడదు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కుమ్మరిస్తే ఉప్పెక్కువై చేటు. ఇంజన్ దించడం, వెల్డింగ్ ఉదయం 11 లోపే ముగించాలి. రేకులపై సున్నం పూత ఖర్చు యజమానులకు బరువేమీ కాదు. కొత్త కుర్రాళ్లకు మొదటి వారం బరువు పనులు వద్దు. చేతిలో స్పానర్ పెట్టుకుని దానికోసమే వెతుకుతూ, మాట తడబడుతుంటే అది బద్ధకం కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పోయకూడదు.

- కొందరు మెకానిక్‌లు, విజయవాడ