కౌమార దశ పాఠాన్ని పూర్తిగా ఎందుకు చెబుతున్నామంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే వారం నుంచి మన ఎనిమిదో తరగతి పిల్లలకు జీవశాస్త్రంలో కౌమార దశ పాఠం మొదలవుతుంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఇప్పటికే నడుస్తోంది. ఈ రెండింటినీ ఇంటి దగ్గర చదువుకోమని వదిలేయాలని కొందరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా చెప్పాలని మరికొందరు నన్ను కోరారు. నేను చదువుకున్న రోజుల్లో మా ఉపాధ్యాయులు ఆ పేజీలను అలాగే దాటించారు కాబట్టి ఆ బెరుకు నాకు కొత్త కాదు. అయినా పాఠం మొత్తాన్ని, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాలని నిర్ణయించాం. అందుకు కారణమేమిటో, పాఠంలో ఏముంటుందో మీకు ముందుగా తెలియజేయడం నా బాధ్యత.

అన్నిటికంటే ముఖ్యమైన కారణం పేర్లు. మోకాలు నొప్పి పెడితే మోకాలని చెప్పే పిల్లవాడు, వృషణంలో నొప్పి వస్తే కడుపునొప్పి అంటాడు. ఆ అవయవానికి ఇంట్లో వాడే పేరు ఉండదు, వీధిలో వినబడే పేరు తిట్టులా ఉంటుంది. వృషణం తన కాడ మీద మెలిపడితే దానికి రక్తం అందడం ఆగిపోతుంది. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మగపిల్లల్లో జరుగుతుంది. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాపు, తరచుగా వాంతులు వస్తాయి. దాదాపు 6 గంటల్లోగా శస్త్రచికిత్స జరిగితే చాలామందిలో వృషణం దక్కుతుంది, రోజు గడిస్తే తీసివేయవలసి రావచ్చు. పిల్లవాడు సిగ్గుపడి తెల్లవారేదాకా ఓర్చుకుంటే జరిగే నష్టం ఇది. అలాగే ఎవరైనా తమను తాకకూడని చోట తాకారని చెప్పుకోవాలన్నా పిల్లలకు ఆ చోటి పేరు నోట రావాలి. ఆపదలో ఉన్న పిల్లలు సాయం కోరే 1098 ఫోన్ నంబరును ఈ పాఠంతో పాటే వారి చేత రాయిస్తాం.

మగపిల్లల శరీరం గురించి చెప్పేటప్పుడు వృషణాలు శరీరం బయట సంచిలో ఎందుకున్నాయన్న ప్రశ్నతో మొదలుపెడతాం. శుక్రకణాలు తయారు కావడానికి శరీర ఉష్ణోగ్రత కంటే 2, 3 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడి కావాలి. చలికి ఆ సంచి ముడుచుకోవడం, ఎండకు వదులు కావడం అందుకే. ఒక శుక్రకణం తయారీకి సుమారు 70 రోజులు పడుతుంది. అది వృషణం వెనక చుట్టలు తిరిగి ఉండే ఎపిడిడిమిస్ అనే నాళంలో పరిపక్వమై, శుక్రవాహికలో ప్రయాణించి, దారిలో శుక్రాశయాలు, పౌరుష గ్రంథి విడుదల చేసే ద్రవాలతో కలిసినప్పుడు వీర్యమవుతుంది. ఈ వయసులో నిద్రలో వీర్యం బయటికి రావడం సహజమే. అది జబ్బు కాదు, దాని వల్ల రక్తమూ బలమూ తరిగిపోవు. ఒక చుక్క వీర్యం ఎన్నో చుక్కల రక్తంతో సమానమన్న మాట శుద్ధ అబద్ధం. బస్టాండు గోడల మీద నరాల బలహీనతకు మందులంటూ కనిపించే ప్రకటనలు ఆ భయం మీదే వ్యాపారం చేస్తున్నాయి, కాబట్టి తండ్రులు ఈ ఒక్క విషయమైనా కొడుకులతో స్వయంగా మాట్లాడాలని నా కోరిక.

ఇక గర్భాశయం. గర్భం లేనప్పుడు అది దాదాపు పిడికిలంత, 7, 8 సెంటీమీటర్ల పొడవుంటుంది. దానికి రెండు పక్కలా ఫాలోపియన్ నాళాలు, వాటి చివరల దగ్గర అండాశయాలు, కింద గర్భాశయ ముఖద్వారం, యోని ఉంటాయి. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అపరిపక్వ అండకణాలుంటాయి, వాటిలో జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400. తల్లులారా, మీ బిడ్డకు మూలమైన అండకణం మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడింది. ఎన్నిసార్లు ఈ పాఠం చెప్పినా ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగుతాను.

మెదడు కింద ఉండే పీయూష గ్రంథి పంపే హార్మోన్ల వల్ల అండం ఎదుగుతుంది. అదే సమయంలో బిడ్డ వస్తే ఆశ్రయమివ్వడానికి గర్భాశయపు లోపలి పొర మందమవుతుంది. గర్భం రాకపోతే ఆ పొర కొంత రక్తంతో కలిసి బయటికి వచ్చేస్తుంది, నెలసరి అంటే అంతే. అది చెడు రక్తం కాదు, మైల కాదు. ఒక నెలసరిలో పోయే రక్తం సాధారణంగా 30, 40 మిల్లీలీటర్లు. మొదటి ఒకటి రెండేళ్లు నెలసరి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అయితే 15 ఏళ్లు నిండినా మొదలు కాకపోయినా, మూడు నెలలకు పైగా ఆగిపోయినా, ఏడు రోజులు దాటి కొనసాగినా, గంట రెండు గంటలకొక ప్యాడ్ తడిసిపోతున్నా డాక్టరుకు చూపించాలి.

అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుక మీ ఇష్టం, చిమ్మిలి తినిపించడం మంచిదే. కానీ మూల కూర్చోబెట్టి రోజుల తరబడి బడి మాన్పించవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను వేడి చేస్తుందని వద్దనకండి, అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు.

పదో తరగతిలో ఫలదీకరణం గురించి చెబుతాం. శుక్రకణం, అండం కలిసేది గర్భాశయంలో కాదు, ఫాలోపియన్ నాళంలో. ఆ పిండం విభజన చెందుతూ వచ్చి ఆరేడు రోజులకు గర్భాశయపు గోడకు అంటుకుంటుంది, అక్కడ మాయ ఏర్పడుతుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలిసిపోకుండానే ఆ మాయ ద్వారా ఆహారం, ఆక్సిజన్ అందుతాయి. తల్లి నుంచి వచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే, తండ్రి నుంచి ఎక్స్ రావచ్చు, వై రావచ్చు. ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు పుడతారు. ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మన బడిలో చదివిన ఏ పిల్లవాడూ రేపు ఆ మాట అనకూడదన్నది నా పట్టుదల, మగపిల్లలు కూడా అదే గదిలో కూర్చోవాలనడానికి అది కూడా ఒక కారణం.

పేరు రాయకుండా ప్రశ్నలు వేయడానికి ప్రయోగశాల దగ్గర ఒక పెట్టె పెడుతున్నాం. ఏ చిత్రాలు చూపిస్తారో, ఏ మాటలు వాడతారో చూడాలనుకునే తల్లిదండ్రులు ఈ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు అక్కడికే రావచ్చు. ఇలాంటి సమావేశాలకు సాధారణంగా తల్లులే వస్తారు, ఈసారి తండ్రులు కూడా తప్పక రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు