కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: రెండు వారాల వైద్యం చాలదు

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మూడుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాలేదు కనుక అందరి ముందు రాస్తున్నాను.

మా తమ్ముడి కొడుక్కి 19 ఏళ్లు. నల్లమందు జాతి (ఓపియాయిడ్) నొప్పి మాత్రలకు అలవాటు పడ్డాడు. డీఅడిక్షన్ సెంటర్‌లో రెండు వారాలు ఉంచి పంపేశారు. నెల తిరక్కుండానే మళ్లీ మొదలు. రాత్రంతా వాడి ఊపిరి చూస్తూ తల్లి కూర్చుంటోంది.

2008లో అమెరికాలో ఇలాంటి వ్యసనమున్న 15 నుంచి 21 ఏళ్ల 152 మందిపై పరిశోధన జరిగింది. 14 రోజుల వైద్యం కంటే, 12 వారాలు బ్యుప్రెనార్ఫిన్-నాలోక్సోన్ (ఆ మత్తు మీద యావను తగ్గించే మందు) ఇచ్చినప్పుడే ఎక్కువమంది చికిత్సలో నిలిచారు. మందు ఆపాక చాలామంది మళ్లీ జారారు కూడా; అంటే ఇంకా ఎక్కువ కాలం ఇవ్వాలనే కదా! "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అంటున్నారు సెంటర్‌లో. ఇన్సులిన్‌ని అలా అంటామా?

జిల్లా ఆసుపత్రిలో యువతకు ఈ మందు, కౌన్సెలింగ్ ఏ తేదీ నుంచి ఇస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక పెద్దనాన్న