వేటకు వెళ్లేవారికి నోట్ల కట్టలెందుకు? సొమ్ము బ్యాంకే పంపాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ ప్రయాణమంటే పెట్టె అడుగున, బట్టల మడతల్లో డాలర్లు దాచుకుని వెళ్లే అలవాటు మనవాళ్లలో ఇంకా పోలేదు. అమెరికాకో సింగపూర్‌కో వెళ్లేవారు చాలావరకు మారారు. ఆఫ్రికా అనేసరికి మాత్రం ‘అక్కడ కార్డులూ బ్యాంకులూ నమ్ముకుంటే అంతే సంగతులు, నగదు ఉంటేనే పని’ అని ఎవరో ఒకరు భయపెడతారు. అందులో కొంత పాతకాలపు మాట. మిగతా భయం మన బ్యాంకు శాఖల కౌంటర్ల దగ్గరే పుడుతోంది. బ్యాంకు విదేశీ మారక విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని. నా కళ్ల ముందు జరిగింది చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా సైనిక్‌పురిలో సైన్యం నుంచి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా వీధిలోని ఒక పెద్దాయన అల్లుడితో కలిసి నమీబియాకు వేటకు వెళ్లాలని ఏర్పాట్లు చేసుకుంటున్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముచ్చట ముగిసింది. కానీ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటల కథలు వింటూ పెరిగిన ఇళ్లు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నాయి. ఆ మోజు తీరనివారు వేటకు చట్టం ఒప్పుకునే నమీబియా, దక్షిణాఫ్రికా లాంటి చోట్లకు వెళ్తారు. జంతువును చంపడం నాకు ఇష్టం లేదు, ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పాను. అయితే అక్కడ అది అనుమతి పత్రంతో, ఆ దేశపు చట్టం ప్రకారం జరిగే పని. 1996లో అక్కడి చట్టాన్ని సవరించిన తర్వాత పల్లె జనం తమ నేల మీది అడవి జంతువులను తామే కాపాడుకుంటూ, వేట నుంచి వచ్చే ఆదాయంలో కొంత తామే తీసుకుంటున్నారు. నా ఇష్టాయిష్టాలు ఎలా ఉన్నా, ఆయన తన సొమ్మును సక్రమమైన దారిలో పంపుకోవాలనుకున్నప్పుడు ఆ దారి మూసే హక్కు ఎవరికీ లేదు. కెమెరా పట్టుకుని సింహాలను చూడడానికి వెళ్లేవారికీ ఎదురయ్యే చిక్కు ఇదే.

వేట శిబిరం వాళ్లు పంపిన అంచనా కాగితం నాకు చూపించారు. బుక్ చేసుకునేటప్పుడు సగం, అక్కడికి చేరేలోపు మిగతా సగం కట్టాలి. వేటగాడికి రోజుకు ఇంత, తుపాకీ పట్టకుండా వెంట వచ్చేవారికి రోజుకు ఇంత, శిబిరం వాళ్ల రైఫిల్ వాడుకుంటే దానికి అద్దె. వీటన్నిటి కింద జంతువుల పట్టిక ఉంది. కుడూకు ఒక ధర, ఓరిక్స్‌కు ఒక ధర, స్ప్రింగ్‌బాక్‌కు ఒక ధర. గాయపడి దొరకకుండా పోయినా పూర్తి రుసుము కట్టాల్సిందే, ఆ షరతు పట్టిక చివర చిన్న అక్షరాల్లో ఉంది. అంటే రోజుల లెక్కన కట్టేది ముందే తెలుస్తుంది, జంతువుల లెక్క మాత్రం చివరి రోజున గానీ తేలదు. నగదు మోసుకెళ్లాలన్న ఆలోచన పుట్టేది ఈ రెండో లెక్క దగ్గరే.

ఆయన ఆ కాగితం తీసుకుని తన ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు వెళ్లారు. దాని పేరు రాయను. కౌంటరు దగ్గరున్న యువకుడు అంచనా కాగితంలో ‘వేట’ అన్న మాట చూడగానే, ‘ఇలాంటివాటికి సొమ్ము పంపడం కుదరదండీ, డాలర్లు కొనుక్కుని పట్టుకెళ్లండి’ అన్నాడట. అక్కడే ఉన్న ఇంకొకరు బయటికి వచ్చి ఎవరిదో ఫోను నంబరు కూడా ఇచ్చారట. రశీదు ఉండదు, పన్ను ఉండదు, డాలర్లు ఇంటికే తెచ్చి ఇస్తారట. పెద్దాయన ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ‘అమ్మా, నేనేమైనా తప్పుడు పని చేస్తున్నానా?’ అని అడిగారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం లెక్క తప్పని మనిషి ఆ మాట అడగడం చూసి నాకు చాలా బాధ కలిగింది. ‘లేదన్నయ్యగారూ, తప్పు చేయమని చెప్పింది వాళ్లే’ అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. ఇక్కడ నివసించే ప్రతి వ్యక్తీ ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. 2004లో 25,000 డాలర్లతో మొదలైన పథకం అది. పంపకూడనివాటికి వేరే జాబితా ఉంది: లాటరీ టికెట్లు, లాటరీలో గెలిచిన సొమ్ము, నిషేధించిన పత్రికలు, పందేల లాంటివి. విహారయాత్ర గానీ, ఆ యాత్రలో చట్టబద్ధంగా చేసే వేట గానీ ఆ జాబితాలో లేవు. ఏ2 అనే దరఖాస్తు నింపి, పాన్ సంఖ్య, పాస్‌పోర్టు నకలు, శిబిరం బిల్లు జతచేసి, ప్రయాణానికి సంబంధించిన కోడ్ రాస్తే చాలు. పోనీ ఆ యువకుడు చెప్పినట్లే చేద్దామన్నా కుదరదు. నమీబియా లాంటి దేశానికి నోట్ల రూపంలో మనిషికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్లకు మించి ఇవ్వడానికి అనుమతి లేదు. మొత్తం బిల్లు నగదుగా మోయాలంటే రశీదు లేని డాలర్లే దిక్కు. అవి పట్టుబడితే విదేశీ మారక నిర్వహణ చట్టం కింద ఆ సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు. ఫోను నంబరు ఇచ్చిన మనిషి ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఆయనను వెంటబెట్టుకుని విదేశీ మారకం చూసే మరో శాఖకు వెళ్లాను. మధ్యాహ్న భోజనాల వేళకు పని అయిపోయింది. సొమ్ము వెళ్లాక బ్యాంకును అడిగితే, దేశాల మధ్య బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే స్విఫ్ట్ సందేశం నకలు ఇస్తారు. చాలామంది దాన్ని అడగరు, అడిగి తీసుకోవాలి. 2025 నవంబరు దాకా నడిచిన నమూనాలో అది ఒకే పేజీ, గడులకు అంకెలు ఉండేవి. 32ఏ అన్న చోట తేదీ, కరెన్సీ, మొత్తం. 59 దగ్గర సొమ్ము అందుకునేవారి పేరు, ఖాతా సంఖ్య. కింద 71ఏ దగ్గర మూడే అక్షరాలు ఉండేవి. అక్కడ ‘ఓయూఆర్’ అని ఉంటే దారిలోని బ్యాంకుల ఛార్జీలన్నీ పంపేవారు భరించినట్లు. ‘ఎస్‌హెచ్‌ఏ’ అని ఉంటే మధ్యలోని బ్యాంకు తన వాటా కోసుకుని మిగిలింది అందిస్తుంది. అప్పుడు శిబిరం వాళ్ల ఖాతాలో కొన్ని డాలర్లు తక్కువ పడతాయి, ఆ కొద్దిపాటి సొమ్ము కోసం మళ్లీ ఉత్తరాలు నడుస్తాయి. నేను పెద్దాయనతో దరఖాస్తులో ముందుగా నింపించింది ఆ మూడు అక్షరాలే. నమీబియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఐబాన్ (కొన్ని దేశాలు వాడే అంతర్జాతీయ ఖాతా సంఖ్య) వాడరు. బ్యాంకు స్విఫ్ట్ కోడ్, ఖాతా సంఖ్య, శాఖ కోడ్ ఉండాలి. ఐబాన్ లేదని దరఖాస్తు వెనక్కి ఇచ్చే గుమాస్తాలకు ఈ సంగతి తెలియాలి.

పంపేముందు ఇంకొకటి తప్పనిసరి. ‘మా ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని మధ్యలో మెయిల్ వస్తే నమ్మకూడదు. మెయిళ్లలోకి చొరబడి బిల్లు మీద ఖాతా సంఖ్య మార్చేసే దొంగలు ప్రపంచమంతటా ఉన్నారు. శిబిరానికి ఫోను చేసి అంకె అంకె చదివించుకోవాలి. ఆ ఫోను నంబరు కూడా కొత్త మెయిల్లోది కాకుండా, ముందు నుంచి తమ దగ్గర ఉన్నది అయి ఉండాలి. ఒకసారి వెళ్లిన సొమ్మును వెనక్కి రప్పించడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుసు.

ఇక చివరి రోజు బిల్లు సంగతి. ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ కరెన్సీ నింపుకున్న కార్డు) మీద కడదామని చాలామంది అనుకుంటారు, మంచిదే. కానీ శిబిరాలు ఊళ్లకు చాలా దూరంగా, విశాలమైన పశువుల క్షేత్రాల మధ్య ఉంటాయి. సిగ్నల్ లేకపోతే కార్డు యంత్రం మూగబోతుంది. కొందరు కార్డుకు అదనపు రుసుము కూడా వేస్తారు. పైగా 2020 నుంచి మన కార్డుల్లో విదేశీ వాడకం మనమే తెరుచుకుంటే తప్ప ఉండదు. హైదరాబాద్‌లోనే అది తెరిచి, రోజువారీ పరిమితి పెంచుకుని వెళ్లాలి. యంత్రం తెర మీద ‘రూపాయల్లో కడతారా?’ అని వస్తే వద్దనాలి, అక్కడ వేసే మారకపు రేటు మనకు నష్టం.

అందుకని నేను ఇచ్చిన సలహా ఇది. ఏ జంతువులను వేటాడాలనుకుంటున్నారో వాటి రుసుము కూడా అంచనా కట్టి ముందే బ్యాంకు ద్వారా పంపాలి. దొరకనివాటి సొమ్ము ఫలానా గడువులోగా, పంపిన ఖాతాకే తిరిగి రావాలని శిబిరం వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పెద్దాయన అలాగే రాయించుకున్నారు. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు కూడా. నోట్లు లెక్కపెట్టి దాచే బాధ వాళ్లకూ ఇష్టం ఉండదు మరి. కొమ్ములు, తోళ్లు ఇంటికి తెచ్చుకునే ఆలోచన ఆయనకు లేదు కాబట్టి వాటిని శుద్ధి చేసి ఓడలో పంపే ఖర్చు తప్పింది.

అప్పుడు నగదు దేనికి? జాడలు పట్టేవారికి, తోలు ఒలిచేవారికి, వంటవారికి చివర ఇచ్చే బహుమానాలకు. వాటిని ఎవరి చేతికి వాళ్లకు ఇవ్వడమే మర్యాద, అందుకు కార్డు పనికిరాదు. ఆ కాస్త సొమ్ము నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో దిగాక ఏటీఎంలో తీసుకుంటే సరిపోతుంది. నమీబియా డాలరు విలువ దక్షిణాఫ్రికా ర్యాండ్‌తో సమానం, అక్కడ ర్యాండ్ కూడా చెల్లుతుంది. నమీబియా నోట్లు మాత్రం ఆ దేశం దాటితే పనికిరావు, కాబట్టి మిగిలే సొమ్మును ర్యాండ్లలో ఉంచుకోవడం మేలు. అమెరికా డాలర్లు కొంచెం దగ్గర ఉండాలనుకుంటే చిన్న నోట్లు, మాయని కొత్త నోట్లు అడిగి తీసుకోవాలి. ఆఫ్రికాలో చాలాచోట్ల పాత ముద్రణ నోట్లను, చిరిగిన నోట్లను ముట్టుకోరు. తిరిగి వచ్చాక 2,000 డాలర్లకు మించి మిగిలితే 180 రోజుల్లోగా బ్యాంకుకు అప్పగించాలి.

ఫోను చూపిస్తే చాలదా అని కుర్రాళ్లు అడుగుతున్నారు. మన యూపీఐ సంస్థ 2024లో నమీబియా కేంద్ర బ్యాంకుతో ఒప్పందం చేసుకున్న మాట నిజమే. అది ఆ దేశం తన ప్రజల కోసం అలాంటి చెల్లింపుల వ్యవస్థను కట్టుకోవడానికి చేసుకున్న ఒప్పందం. దాన్ని నమ్ముకుని మన ఫోనుతో అడవిలోకి వెళ్లకూడదు.

మనుషులను దొడ్డిదారి పట్టిస్తున్న మరో భయం టీసీఎస్, అంటే విదేశాలకు సొమ్ము పంపేటప్పుడు బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను. 2023 అక్టోబరు నుంచి అది ఒక పరిమితి దాటితే 20 శాతానికి పెరిగినప్పుడు చాలామంది బెంబేలెత్తిపోయారు. ఆ పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి 7 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. బడ్జెట్టు వచ్చినప్పుడల్లా ఇవి మారుతున్నాయి కాబట్టి పంపే రోజున ఉన్న రేటు బ్యాంకులోనే అడగాలి. అయితే ఆ సొమ్ము ఎక్కడికీ పోదు. పాన్ సంఖ్య మీద ఆదాయపు పన్ను శాఖ పత్రంలో కనిపిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు ఆదాయపు పన్నులో సర్దుకుంటుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. ఈ రెండు వాక్యాలు కౌంటరు దగ్గర ఎవరైనా ఓపికగా చెబితే రశీదు లేని డాలర్ల వ్యాపారానికి గిరాకీ సగం పడిపోతుంది.

హైదరాబాద్‌లోని బ్యాంకుల అధికారులను, సైఫాబాద్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయాన్ని ఒక్కటే కోరుతున్నాను. విదేశాలకు సొమ్ము పంపడానికి కావలసిన కాగితాలేవో, పంపకూడనివి ఏవో, టీసీఎస్ ఎంతో ప్రతి శాఖలో తెలుగులో గోడ మీద రాసి పెట్టించండి. ఆ శాఖలో పని కాకపోతే ఏ శాఖకు వెళ్లాలో చెప్పించండి. కాదన్నప్పుడు ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో కాగితం మీద రాసి ఇవ్వమనండి. నోటిమాటతో వెనక్కి పంపేస్తే పెద్దవయసువారు ఎవరిని అడగగలరు? ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చన్న సంగతి కూడా ఆ గోడ మీదే ఉండాలి.

పెద్దాయన మొదట వెళ్లిన శాఖకు, తన దరఖాస్తు ఎందుకు తీసుకోలేదో కారణం తెలపమని ఉత్తరం ఇచ్చి రశీదు తీసుకున్నారు. జవాబు ఇంకా రాలేదు. వచ్చిన రోజున దాని నకలు మీ పత్రికకు పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
సైనిక్‌పురి, హైదరాబాద్