మూడు మేకపోతులు ఇంగ్లిష్ కథ కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ఓస్లోలో ఉంటాను. రోజూ ఆఫీసుకి వెళ్తూ ట్రామ్‌లో మీ ఈ-పేపర్ చదువుతాను. కిందటి ఆదివారం పిల్లల పేజీలో మూడు మేకపోతుల కథ వేశారు, వంతెన కింద కాచుకున్న రాక్షసుణ్ణి దాటుకుని అవి మేతకి వెళ్ళే కథ. బొమ్మ చాలా బాగుంది. కానీ కథ పైన ‘ఇంగ్లిష్ జానపద కథ’ అని ఉంది. అది చూసి మనసు చివుక్కుమంది. ఆ కథ నార్వేది. ఆస్బ్యోర్న్‌సెన్, యోర్గెన్ మూ అనే ఇద్దరు స్నేహితులు పల్లెల వెంట తిరిగి, చెప్పేవాళ్ళ నోట విని రాసుకుని, 1841 నుంచి అచ్చువేయించిన కథల్లో అదొకటి. 1859లో డేసెంట్ అనే ఆయన వాటిని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. మనదాకా ఇంగ్లిష్ మీదుగా వచ్చింది కాబట్టి దారిలో పుట్టిన ఊరి పేరు ఊడిపోయింది.

ఇంత చిన్న విషయానికి ఉత్తరం ఎందుకు అనుకోవచ్చు. రెండేళ్ళుగా నేను నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్ వైపు కథలనీ, పాటలనీ తెలుగులో పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. ఈ మేకపోతుల కథే నా మొదటి ఎపిసోడ్. అందుకని ఆ కథలో ఏం పోయిందో నాకు బాగా కనిపిస్తుంది.

ఆ కథ నాకు చెప్పింది మా అమ్మాయి. దానికప్పుడు నాలుగేళ్ళు. ఇక్కడి బార్నెహాగెలో, అంటే పిల్లల బడిలో, బల్లని వంతెన చేసి ఈ కథ ఆడిస్తారు. ఒకరోజు ఇంటికి వచ్చి సోఫా మీద నడుస్తూ ‘త్రిప్ త్రాప్, త్రిప్ త్రాప్’ అని మొదలుపెట్టింది. చిన్న మేకపోతుకి సన్నగా, రెండోదానికి కాస్త గట్టిగా, మూడోదానికి ఇల్లు అదిరిపోయేలా. వంతెన కింద ఉండే ట్రోల్, అంటే నార్వే కథల్లో వచ్చే భూతంలాంటి జీవి, నేనే. ‘నా వంతెన మీద దబదబా నడిచేదెవరు?’ అని నేను అరవాలి. సరిగ్గా అరవకపోతే మళ్ళీ మొదటినుంచి.

అప్పుడు అర్థమైంది, ఈ కథంతా చప్పుడులో ఉందని. చిన్నదీ పెద్దదీ ఒకేలా ‘అంది’ అని అచ్చులో రాసేస్తే అందులో ఏమీ మిగలదు. ఎపిసోడ్ కోసం ఆకెర్‌సెల్వా నది ఒడ్డున ఒక చిన్న చెక్క వంతెన దగ్గరికి వెళ్ళాం. మొదటిసారి గాలి తప్ప ఏమీ వినపడలేదు. రెండోసారి ఫోన్‌కి ఊలు సాక్సు తొడిగి, వంతెన కింద చెక్క సందులో పెట్టాను. చిన్న మేకపోతు నడక మా అమ్మాయి గోళ్ళతో చేసింది. రెండోది చెక్క గరిటె కాడ. మూడోదానికి మా ఆయన స్కీ బూట్లు వేసుకుని వంతెన ఈ చివర నుంచి ఆ చివరకి తొక్కుకుంటూ నడిచారు. తడిసిన చెక్క మీద ఆ గట్టి అడుగు పడితే వచ్చే బరువైన చప్పుడు ఏ సౌండ్ ఎఫెక్ట్‌లోనూ దొరకదు. ఇప్పటికీ ఎక్కువమంది శ్రోతలు గుర్తుచేసేది ఆ మూడో నడకనే.

ఇక మీ పేజీలో మారిన రెండు మాటల గురించి చెప్పాలి. మొదటిది ట్రోల్. మీరు రాక్షసుడు అని వేశారు. మన పిల్లలకి ట్రోల్ అంటే ఫోన్లో ఒకరిని ఏడిపించడమని మాత్రమే తెలుసు కాబట్టి మీ ఇబ్బంది అర్థమైంది. కానీ అసలు ట్రోల్‌ని వాళ్ళకి చూపించడానికి ఇంతకన్నా మంచి కథ ఎక్కడుంది? కళ్ళు తగరపు పళ్ళేలంత, ముక్కు ఎండుగడ్డి పోగుచేసే పళ్ళకర్ర పిడంత. కథ చెప్పినవాళ్ళ ఇంట్లో ఉన్న వస్తువులే అవి. తగరపు పళ్ళెంలో తిని, పళ్ళకర్రతో గడ్డి లాగినవాళ్ళు ఊహించుకున్న ట్రోల్ అది.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. మీ కథలో మేకపోతులు ‘కొండ అవతలి పచ్చిక’ కోసం బయల్దేరాయి. నార్వే కథలో అవి వెళ్ళేది సేటెర్‌కి. జూన్‌లో మంచు కరిగాక ఊళ్ళోని ఆవుల్ని, మేకల్ని కొండమీది మేతకి తోలుకుపోతారు. అక్కడ ఒక చిన్న చెక్క ఇల్లు ఉంటుంది. వేసవంతా ఆడవాళ్ళు, అమ్మాయిలు అక్కడే ఉండి పాలు పితికి, వెన్న తీసి, జున్ను చేసి, విరిగిన పాలలో మిగిలిన నీటిని గోధుమరంగు వచ్చేదాకా మరగబెట్టి దాంతో ఇంకో జున్ను చేసేవారు. చలి మొదలయ్యే ముందు మందతో సహా కిందికి దిగేవారు. కింద పొలంలో గడ్డి చలికాలానికి దాచుకోవాలి కాబట్టి వేసవిలో పశువు పైకి వెళ్ళాల్సిందే. ‘ఒళ్ళు చేయడానికి సేటెర్‌కి బయల్దేరిన మూడు మేకపోతులు’ అంటే అక్కడి పిల్లవాడికి ప్రతి ఏడాదీ ఇంటిముందు కనపడే సంగతి. ఆ ఒక్క మాట తీసేస్తే కథకి కాళ్ళకింద నేల పోతుంది. ఈ సేటెర్ జీవితాన్ని నార్వే, స్వీడన్ కలిసి ప్రతిపాదిస్తే 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

ఓస్లో మెట్రోలో ఒకటో నంబరు లైను చివరి స్టేషన్ పేరు ఫ్రోగ్నెర్‌సేటెరెన్. అక్కడికి పిల్లలతో మంచులో ఆడుకోవడానికి ఎన్నిసార్లు వెళ్ళామో. ఆ పేరులో ఉన్నది ఇదే సేటెర్ అని, ఒకప్పుడు ఫ్రోగ్నెర్ అనే ఎస్టేటు పశువులు మేసిన చోటు అని, ఈ కథ చేసేదాకా నాకు తట్టలేదు.

మా మెట్లకింద ఇంట్లో ఎనభై దాటిన ఒకావిడ ఉంటారు. గుద్‌బ్రాన్స్‌దాలెన్ లోయ నుంచి వచ్చారు. ఇక్కడ డాక్టరునైనా పేరుపెట్టే పిలుస్తారు, ఆవిడనీ అంతే, కానీ నా పాడ్‌కాస్ట్‌లో మాత్రం బామ్మగారు అనే అంటాను. సేటెర్ గురించి అడిగితే, పన్నెండో ఏట, పదమూడో ఏట రెండు వేసవులు అక్కడ గడిపానని చెప్పారు. సాయంత్రం ఆవుల్ని పిలిచే పిలుపు ఒకటుంది, కూలొక్ అంటారు. స్వీడన్‌లో దాన్నే కూల్‌నింగ్ అంటారు. చాలా ఎత్తు గొంతుతో, లోయ అవతలి ఆవుకి వినపడేలా తీసే రాగం. ఒకసారి పిలుస్తారా అని ఆవిడ వంటగదిలోనే మైకు పెట్టాను. పిలవనన్నారు. ‘ఇంట్లో ఎవర్ని పిలవాలి? ఇక్కడ ఆవు లేదు కదా’ అన్నారు.

సెప్టెంబరులో ఒకరోజు ఇద్దరం మెట్రో ఎక్కి ఫ్రోగ్నెర్‌సేటెరెన్ దాకా వెళ్ళి, అడవి బాటలో కాస్త నడిచాం. సన్నగా వాన. ఆవిడ చేతికర్ర నా చేతికిచ్చి, రెండు అరచేతులూ నోటి పక్కన పెట్టుకున్నారు. మొదటి పిలుపుకే నా రికార్డర్‌లో ఎర్రలైటు వెలిగి ఆరలేదు. అంత పెద్ద గొంతు ఆవిడలో ఉందని నేను అనుకోలేదు. రికార్డింగ్ చెడిపోయింది. లెవెల్ తగ్గించి, ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడితే రెండోసారి సరిగ్గా వచ్చింది. నలభై సెకన్లు. పైకి వెళ్ళి, గొంతు అక్కడే విరిగినట్టయి, మళ్ళీ ఇంకా పైకి. చివర్లో ఆవుల పేర్లు. ఆ తర్వాత చెట్లమీది వాన తప్ప ఏమీ లేదు, దాన్నీ ఉంచేశాను.

ఇక్కడ పాడ్‌కాస్ట్ చేయడం కష్టమేమీ కాదు. 2017లోనే దేశవ్యాప్త రేడియోలు ఎఫ్‌ఎమ్ ఆపేశాయి, జనం ఫోన్లోనే వింటారు. ఓస్లోలోని బ్యోర్‌వికాలో 2020లో తెరిచిన పెద్ద గ్రంథాలయం, డైక్‌మన్, అందులో రికార్డింగ్ గదులున్నాయి. కష్టమంతా ఏ కథ, ఏ పాట ఎవరిదో తెలుసుకోవడంలోనే.

హార్డింగ్‌ఫేలె అనే ఫిడేలు మీద ఒక ఎపిసోడ్ చేశాను. టెలిమార్క్ నుంచి ఒక వాయిద్యగాడు వచ్చి వాయించారు. అది విన్న ఒక శ్రోత ‘వెనక తంబురా ఎవరు వేశారమ్మా?’ అని రాశారు. ఎవరూ వేయలేదు. ఆ ఫిడేలుకి పైన నాలుగు తీగలు, వాటి కింద మరో నాలుగో ఐదో తీగలు ఉంటాయి. కమాను వాటిని తాకదు. పైవి మోగితే కిందివి వాటంతటవే పలుకుతాయి. శ్రుతి పెట్టె మధ్య పెరిగిన మన చెవికి అది తంబురాలా వినపడటం ఎంత సహజం! ఆ ఉత్తరం చదివి చాలాసేపు సంతోషంగా ఉన్నాను.

ఆ ఫిడేలుకి ఒక గురువు ఉన్నాడని చెప్పుకుంటారు, జలపాతం కింద ఉండే ఫొస్సెగ్రిమ్ అనే నీటి భూతం. గురువారం సాయంత్రం మాంసం తీసుకెళ్ళి, మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళలో వేయాలి. మాంసం బాగా ఉంటే నీ కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు నెత్తురు కారేదాకా తీగలమీద రుద్దుతాడు, ఇక నువ్వు వాయిస్తే చెట్లు కూడా ఆడతాయి. ఎముకకి మాంసం తక్కువైతే శ్రుతి చేయడం మాత్రం నేర్పి పంపేస్తాడు. 19వ శతాబ్దంలో భక్తి ఉద్యమాల ఊపులో ఇది సైతాను వాయిద్యమని చాలా ఫిడేళ్ళు తగలబెట్టారు. కొందరు అటకమీద దాచి కాపాడుకున్నారు. ఇదంతా ఆ టెలిమార్క్ వాయిద్యగాడే ఎపిసోడ్‌లో చెప్పారు. కొన్ని వారాల తర్వాత ఆయన వాయించిన ముక్క ఒక టూరిజం వీడియో వెనకాల వినపడింది, పేరు లేకుండా. వీడియో చేసినవాళ్ళని అడిగితే ‘పాత జానపద బాణీ, ఎవరి సొత్తూ కాదు’ అన్నారు. బాణీ ఎవరి సొత్తూ కాదన్నది నిజమే. కానీ ఆ రోజు ఆ బాణీని వాయించిన చెయ్యి ఆయనది. రికార్డింగ్ మీద హక్కు ఆయనకుంది, ఇక్కడి చట్టమూ అదే చెప్తుంది. ఆయన ఊరికే వచ్చి వాయించారు. కనీసం పేరు చెప్పాలి కదా.

నేనూ తప్పు చేశాను, అది దాచను. ఉత్తరాన ఉండే సామి ప్రజల కథ ఒకటి చెప్తూ, నా మాటల వెనక సన్నగా ఒక యోయిక్ వేశాను. యోయిక్ వాళ్ళ పాట అనుకున్నాను. మా ఆఫీసులో ఒక సామి ఆవిడ విని, మధ్యాహ్నం నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. యోయిక్ ఒక మనిషి గురించి పాడేది కాదు, ఆ మనిషినే పాడటం. ఒకరి యోయిక్ అంటే వాళ్ళకి పేరు ఎలాంటిదో అలాంటిది. దాన్ని వెనక సంగీతంలా వాడకూడదు. పాదరీలు పాపమన్నారు, బోర్డింగ్ స్కూళ్ళలో పిల్లల్ని సామి మాట కూడా పలకనివ్వలేదు. ఆ అణచివేతకి నార్వే పార్లమెంటు 2024 నవంబరులో క్షమాపణ చెప్పింది. అంత కష్టపడి మిగుల్చుకున్నదాన్ని నేను అడక్కుండా తీసుకున్నాను. ఆ సాయంత్రమే ఎపిసోడ్ తీసేశాను. తర్వాత ఆవిడే ఒక యోయిక్ కళాకారిణితో మాట్లాడించింది. ఈసారి ఆమె అనుమతించినదాన్నే, మధ్యలో నా మాట లేకుండా, మొదటినుంచి చివరిదాకా వేశాను.

డెన్మార్క్‌లో ఎవాల్డ్ టాంగ్ క్రిస్టెన్‌సెన్ అనే బడిపంతులు ఉండేవాడు. జట్లాండ్ పల్లెల్లో నడిచి కథలు, పాటలు సేకరించాడు. చెప్పినవాళ్ళ పేర్లు, వాళ్ళు ఎలా బతికారో కూడా రాసిపెట్టాడు. వందేళ్ళు దాటాక చదివినా ఆ పేదవాళ్ళు మనుషుల్లా కళ్ళముందు నిలబడతారు. పని చేసేటప్పుడు నేను ఆయన్ని తలచుకుంటాను.

కాబట్టి నా విన్నపం ఇది. పిల్లల పేజీలో బయటి దేశపు కథ వేసినప్పుడు చివర్లో ఒక్క వరుస ఇవ్వండి, ఏ దేశానిది, ఎవరు సేకరించారు అని. ట్రోల్‌ని ట్రోల్‌గా, సేటెర్‌ని సేటెర్‌గా ఉంచండి, పక్కన రెండు ముక్కల్లో అర్థం చెప్పండి. పిల్లలు కొత్త మాటకి భయపడరు. నేను మొదట్లో ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని ముగించేదాన్ని. ఇప్పుడు నార్వే పిల్లలు అనేదే అంటాను, ‘స్నిప్ స్నాప్ స్నూతె, సో ఎర్ ఎవెంత్యూరె ఊతె’, అంటే కథ అయిపోయింది అని. వినే తెలుగు పిల్లలు రెండో ఎపిసోడ్‌కే దాన్ని కంఠతా పట్టేశారని వాళ్ళ అమ్మలు రాశారు.

మూడు మేకపోతుల కథ మళ్ళీ వేసే ఆలోచన ఉంటే, పక్కన క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. వంతెన చప్పుడూ, బామ్మగారి నలభై సెకన్ల పిలుపూ పంపిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. మీ పత్రికకి ఇవ్వొచ్చా అని ఆవిడని నిన్ననే అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నారు. తన పేరు వేయొద్దన్నారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. చివర్లో ఆవుల పేర్లు వస్తాయి కదా, నిడివి ఎక్కువైందని అవి కత్తిరించకూడదట. అందులో మొదటి పేరు దాగ్‌రూస్.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఓస్లో, నార్వే