బాయి పక్కన బాయి: బొగ్గు ప్రాంతపు భూగర్భ జలాలపై మంత్రివర్యులకు బహిరంగ లేఖ

రాష్ట్ర భూగర్భ జల శాఖ బాధ్యతలు చూస్తున్న మంత్రివర్యులకు నమస్కరించి వ్రాయునది.

మా వైపు బాయి అంటే నీళ్ల బాయీ అవుతుంది, బొగ్గుబాయీ అవుతుంది. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైంది మొదలు ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా, ఊరి రైతు తన బోరు ఎక్కడుందో వెతుక్కుని అందులోని నీరు ఎటువంటిదో తెలుసుకోగల పటం మా పంచాయతీ కార్యాలయంలో లేదు. ఆసిఫాబాద్ నుంచి సత్తుపల్లి దాకా గోదావరి లోయ బొగ్గు ప్రాంతానికంతటికీ అటువంటి పటం తయారు చేయించవలసిందిగా కోరుతున్నాను.

అయితే మండలానికి ఒకటి రెండు నమూనాలు తీసి, మధ్యలో ఖాళీని రంగులతో నింపిన పటం మాకు పనికిరాదు. ఇక్కడ బొగ్గు పొరల మధ్యనున్న ఇసుకరాయే నీటిని దాచుకునే రాయి కూడా. నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని లోతుకు దిగాలంటే ఆ నీటిని తోడక తప్పదు. తోడేకొద్దీ చుట్టుపక్కల మట్టం తగ్గి, భూమిలోని నీరు గని వైపుకు మళ్లుతుంది. పైగా ఈ పొరలను భ్రంశాలు, అంటే రాతి పొరలు తెగి జరిగిన చీలికలు, అడ్డంగా కోసి ఉన్నందున, ఒకే ఊరిలో రెండు బోర్ల నీరు ఒకలా ఉండాలని లేదు. కనుక ప్రతి నమూనాకూ బోరు లోతు నమోదు కావాలి. ముప్పై అడుగుల చేదబావినీ మూడు వందల అడుగుల బోరునూ ఒకే చుక్కగా చూపితే అది పటం కాదు, బొమ్మ.

నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపే టీడీఎస్ మీటరు ఒక్కటే చాలదు. బొగ్గులోనూ, గని నుంచి తవ్విపోసిన పైమట్టి గుట్టల్లోనూ ఉండే పైరైటుకు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలీ నీరూ తగిలితే సల్ఫేటూ, దానితో పాటు ఆమ్లపు పులుపూ పుడతాయి. చుట్టూ సున్నపు అంశమున్న రాయి ఉంటే పులుపు విరిగిపోతుంది గానీ కఠినత్వం పెరుగుతుంది. పప్పు ఉడకనప్పుడు ఆ సంగతి ముందుగా ఇంటి ఆడవారికే తెలుస్తుంది. లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటిన సల్ఫేటు తాగునీటికి తగదని, వేరే దిక్కు లేనప్పుడు 400 వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్లోరైడు మాత్రం తరచుగా గ్రానైటు రాతి నుంచి వచ్చేదే, దానిని గని ఖాతాలో వేయడం న్యాయం కాదు. లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటిన నైట్రేటు యూరియాది కావచ్చు, మరుగుదొడ్డి గుంతది కావచ్చు, పేలుడు మందులోని అమ్మోనియం నైట్రేటుదీ కావచ్చు. వీటిని విడివిడిగా కొలిస్తేనే ఎవరి బాధ్యత ఎంతో తేలుతుంది. బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీకి కూడా అదే మేలు.

మిషన్ భగీరథ పథకపు కుళాయి నీరు వస్తున్నది కదా అనవచ్చు. పశువులకూ పొలానికీ, కుళాయి రాని రోజున ఇంటికీ బోరే ఆధారం. మూసివేసిన గనుల్లో తోడటం ఆగాక నీటి మట్టం మళ్లీ పైకి వస్తుంది కాబట్టి, గని మూతపడిన చోట కూడా పరీక్షలు కొన్నేళ్లపాటు కొనసాగాలి.

వచ్చే మే నెలలో, వానలకు ముందే, మట్టి గుట్టలను ఆనుకుని ఉన్న ఊళ్లతో తొలి నమూనాలు మొదలుపెట్టించి, నవంబరులో అవే బోర్ల నుంచి మళ్లీ తీయించి, ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడకు అంటింపజేయాలని మనవి.

ఇట్లు,
రామగుండం ప్రాంతపు విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు